చిన్న రైలుకి రంగులు

మా ఆయన వేసిన రైలు ఏలూరులో బయల్దేరి, కొల్లేరు నడిమధ్య నుంచి కైకలూరు మీదుగా కలిదిండి వెళ్తుంది. మీరు ఇటువైపు వాళ్ళయితే, ఆ దారిన రైలెక్కడుందండీ అంటారు. లేదు. ఎప్పుడూ లేదు. కంప్యూటర్లో రైలు నడిపే ఆట ఒకటుంది, అందులో ఉంది. ఆటతో పాటు వచ్చిన లైన్ల మీద నడుపుకుంటే సరిపోయేది కదా, అబ్బే, ఆయనకి సొంత లైను కావాలి. అదీ మన ఊళ్ళ మీదుగా పోయే పెద్ద లైను కాదు. పట్టాల మధ్య రెండున్నర అడుగులుండే నేరో గేజి. కొండల్లో తిరిగే బొమ్మరైలు లాంటిది కొల్లేట్లో నడవాలి. తెల్లవాళ్ళ కాలంలో ఎవరో చేపలూ ధాన్యమూ మోసుకోవడానికి వేసినట్టు, అది ఇప్పటికీ నడుస్తున్నట్టు ఒక కథ కూడా అల్లుకున్నారు.

ఆ లేని రైలు దగ్గర నేను పడినంత కుళ్ళు ఉన్న మనుషుల దగ్గర ఎప్పుడూ పడలేదు. చెప్పుకోడానికి సిగ్గుగానే ఉంది, అయినా చెప్తాను. నాకు ముక్కు మీద కోపమనీ, నోటికి అడ్డూ ఆపూ లేదనీ మా అత్తగారు పెళ్ళయిన వారంలోనే కనిపెట్టేశారు. ఆవిడ అన్నది తప్పు కాదని ఈ వ్యవహారంలో తేలిపోయింది.

మా ఆయనది తాడేపల్లిగూడెం. స్టేషను పక్క సందులో ఇల్లు. గూడ్సు బండి పోతుంటే మంచం కదిలేదట, అయినా నిద్ర పట్టేదట. పెద్దయ్యాక ఇంజను నడపడం తప్ప ఇంకో ఆలోచన లేదు. పరీక్ష రాశారు, పాసయ్యారు. తర్వాత మెడికల్లో రంగు చుక్కల పుస్తకం ఒకటి ముందు పెట్టి, ఆ చుక్కల్లో దాగున్న అంకె చదవమన్నారు. ఆయనకి చుక్కలే కనిపించాయి, అంకె కనిపించలేదు. పేజీ తిప్పారు. మళ్ళీ చుక్కలే. ఎరుపుకీ ఆకుపచ్చకీ తేడా తెలియని కళ్ళని ఆ రోజు బయటపడింది. సిగ్నలు రంగు తెలియని మనిషికి ఇంజను ఎవరిస్తారు? ఇంటికొచ్చి పరీక్ష తప్పానని అందరికీ చెప్పారు. నిజం వాళ్ళమ్మగారికి ఒక్కరికే తెలుసు. తర్వాత ఏలూరులో ఆఫీసు ఉద్యోగం వచ్చింది, అందులోనే ఉండిపోయారు.

నాకెలా తెలిసిందంటే, పెళ్ళయిన ఏడాది అట్లతద్దికి గోరింటాకు పెట్టుకున్నాను. తెల్లారి కడుక్కుంటే ఎర్రగా భలే పండింది. బాగా పండితే మొగుడికి ప్రేమ ఎక్కువంటారు కదా, పరుగెత్తుకెళ్ళి రెండు చేతులూ చాపి చూపించాను. ఆయన వాటిని అటూ ఇటూ తిప్పి చూసి, ఇంకా పండలేదేమో అన్నారు. నేను ఏడ్చి రాద్ధాంతం చేశాను. అప్పుడు తలుపు దగ్గరగా వేసొచ్చి చెప్పారు, నీ చెయ్యీ గోరింటాకూ నాకు ఒకేలా కనిపిస్తాయి, ఎవరికీ చెప్పకు అని.

ఆ ‘ఎవరికీ చెప్పకు’ అన్న మాట నాకు పుస్తెలతాడంత విలువైంది. అత్తగారు పోయాక ఆ సంగతి తెలిసినదాన్ని ఈ భూమ్మీద నేనొక్కర్తినే. నేను మిషను కుడతాను. జాకెట్టు గుడ్డకి దారం కలపడం నా పని, రంగుల్లో నన్ను తప్పుపట్టినవాళ్ళు లేరు. అంచేత ఆయన చొక్కాల కాలరు లోపల, కనపడకుండా, దారంతో ముళ్ళు వెయ్యడం మొదలుపెట్టాను. ఒక ముడి ఉంటే నీలం, రెండుంటే ఆకుపచ్చ, మూడుంటే ఎరుపు కలిసింది, ఏమీ లేకపోతే తెలుపు. ప్యాంట్ల నడుం పట్టీ లోపల కూడా అంతే. పొద్దున్నే ఆయన వేలితో కాలరు తడిమి, ముళ్ళు లెక్కపెట్టుకుని, దానికి తగ్గ ప్యాంటు తీసుకుంటారు. ఇరవై రెండేళ్ళుగా ఆఫీసులో ఒక్కరికీ అనుమానం రాలేదు. పైగా సార్ నీటుగా వస్తారని పేరు.

మూడేళ్ళ కిందట ఈ చిన్న రైలు మొదలైనప్పుడు నాకు ముచ్చటగానే ఉండేది. ఉపగ్రహం నుంచి తీసిన ఫొటోలు ముక్కలు ముక్కలుగా ప్రింటు తీయించి, హాల్లో నేల మీద పరిచి అతికించారు. ఏలూరు గడపలో, కలిదిండి దేవుడి గది దగ్గర. నేను వంటింట్లోకి వెళ్ళాలంటే కొల్లేరు దాటాలి. మన నేల అంతా బల్లపరుపు, ఎక్కే గట్టూ దిగే లోయా లేవు, నేరో గేజి అందం మరి వంపుల్లోనే రావాలట. కాలవ గట్లు పట్టుకుని, మురుగు కాలవలు దాటుకుంటూ లైను తిప్పారు గాని, ఆ వంపులు ఎక్కడికక్కడ విరిచినట్టుండేవి. చూసి చూసి, చంక వంపు గీసుకునే స్కేలు తెచ్చి కాగితం మీద పెట్టాను. వంపు ఒక్కసారే రాకూడదండీ, ముందు కొంచెం సాగదీసి తర్వాత తిప్పాలి, లేకపోతే చంక పట్టేస్తుంది అన్నాను. ఆయన తెల్లబోయి చూసి, నిజం రైలు ఇంజనీర్లు కూడా అలాగే వేస్తారని చెప్పారు. ఆ వారమంతా నేను ఇంజనీరు భార్యలా కాదు, ఇంజనీరులాగే తిరిగాను.

వంపుల తర్వాత రంగులు. అక్కడ ఆయన పూర్తిగా నా చేతుల్లో ఉన్నారు. చేలకి, నీళ్ళకి, పెంకులకి, మట్టికి దేని రంగు దానికి ఎక్కించాలి. ఆయన తెర మీద రంగు పెడతారు, నేను దారపు రీళ్ళ డబ్బా తెచ్చుకుని ఒక్కో రీలూ తెరకి ఆనించి, ఇంకొంచెం పసుపు, ఇంకొంచెం, చాలు, ఆపండి అంటాను. నారుమడికి ఫలానా నంబరు రీలు, కోతకొచ్చిన చేనుకి ఫలానా నంబరు అని ఆయన నోటుబుక్కులో రాసుకుంటారు. ఆదివారాలు పొద్దున్న టిఫిను అయ్యాక కూర్చుంటే మధ్యాహ్నం అన్నాల వరకూ ఇదే పని. గుడివాకలంక హాల్టు దగ్గర రేగు చెట్టు కావాలని నేనంటే పెట్టారు. ప్లాట్‌ఫారం అక్కర్లేదు, మా లంకల్లో వాళ్ళు దేనిమీదికైనా ఎగిరి ఎక్కుతారంటే తీసేశారు.

మాది కొల్లేటి లంక అని చెప్పలేదు కదా. చుట్టూ నీళ్ళు, మధ్యలో ఊరు. పడవ ఎక్కి బడికెళ్ళినదాన్ని. అందుకని ఈ లైన్లో ఎవరికీ లేని హక్కు నాకుందనుకునేదాన్ని.

కిందటేడు శ్రావణ మాసంలో పని నా పీకల మీదికొచ్చింది. వరలక్ష్మీ వ్రతానికి జాకెట్లు, పెళ్ళిళ్ళకి జాకెట్లు, ఇంటినిండా గుడ్డల మూటలు. అద్దకం పని చేసిన జాకెట్టు ఒకటి చెయ్యి కుదరక మూడోసారి విప్పుతున్నాను. అప్పుడు ఆయన లోపల్నుంచి, ఒక్కసారి వచ్చి ఈ రంగు చూడవే అని నాలుగోసారి పిలిచారు. నేను ఏదో కసిరాను. ఆయన మళ్ళీ పిలవలేదు. ఏమన్నానో సాయంత్రానికి నాకే గుర్తు లేదు. రోజుకి పది అంటాను, అన్నీ ఎక్కడ గుర్తుంటాయి?

ఆ తర్వాత నెలలో వాళ్ళ ఆఫీసుకి ఒకావిడ బదిలీ మీద వచ్చారు. సొంతూరు కలిదిండి. వాళ్ళ నాన్నగారు చర్చి స్కూల్లో మేష్టారుగా చేశారట, అన్నదమ్ములు చేపల చెరువులు చూసుకుంటారట. ఆవిణ్ణి నేను మనసులో కలిదిండావిడ అంటాను, ఇక్కడా అదే అంటాను. ఏలూరు నుంచి కలిదిండికి రైలు వేస్తున్న మనిషికి ఎదురు టేబులు దగ్గర కలిదిండి మనిషి వచ్చి కూర్చుంటే ఇంకేముంది? రోజూ సాయంత్రం అన్నం ముందు కూర్చుని ఆవిడ కబుర్లే. చెరువుల మీద పక్షులు వాలకుండా అడ్డంగా తాళ్ళు కడతారట, మేడం గారు చెప్పారు. చెరువు నీళ్ళకి గాలి ఎక్కించే చక్రాలు సాయంత్రం పూట తిరుగుతాయట, మేడం గారు చెప్పారు. కైకలూరులో చిన్న రైల్లోంచి పెద్ద రైల్లోకి చేపల ట్రేలు మార్చాలంటే రెండు ప్లాట్‌ఫారాలూ ఒకే ఎత్తులో ఉండకూడదట, అది కూడా మేడం గారే. పులుసులో ముక్క వేసుకుంటూ కూడా కలిదిండే. పులుసు ఎలా ఉందో మాత్రం చెప్పలేదు.

నాకు మండదా? మండింది. ఆదివారాలు ఇప్పుడు ఆయన కంప్యూటరు దగ్గర కూర్చుంటే నన్ను పిలవడం లేదు. ఫోను తీసి తెర ఫొటో కొడతారు, ఎవరికో పంపుతారు, టింగుమని జవాబొస్తుంది, ఏదో మారుస్తారు. నేను మిషను తొక్కుతూ ఆ టింగులు వింటూ కూర్చునేదాన్ని. పిలిస్తే పనుందని చెప్పాలని సిద్ధంగా ఉండేదాన్ని, పిలిస్తే కదా.

ఒక ఆదివారం ఆవిడే మా ఇంటికి వచ్చారు, రైలు చూస్తానని. ఎవరో సినిమా మనిషిలా ఉంటుందని ఊహించుకున్నాను. నాకన్నా ఆరేడేళ్ళు పెద్ద. కళ్ళద్దాలు, నూలు చీర, మెత్తటి మాట. ఆవిడలో వంక పెట్టడానికేం దొరకలేదు, దానికి ఇంకా మండింది. అందగత్తె అయితే తిట్టుకోడానికైనా వీలుండేది. నా స్టూలు లాక్కుని కంప్యూటరు ముందు కూర్చున్నారు. అయ్యో సార్, మా చెరువుగట్టు అచ్చం ఇంతేనండీ అని ఆవిడ మురిసిపోతుంటే, మా ఆయన మొహం తాడేపల్లిగూడెం స్టేషన్లో రైలు చూస్తున్న పిల్లాడి మొహంలా ఉంది. ఆ మొహం నా సొంతం అనుకున్నాను. నేను కాఫీ ఇచ్చి, తీసుకోండండీ, ఇంకొంచెం పంచదార వెయ్యమంటారాండీ అని మాటకి రెండు అండీలు పెట్టి మర్యాద చేశాను. వెళ్ళేటప్పుడు ఆవిడ సంచిలోంచి జాకెట్టు గుడ్డ తీసి, మీ కుట్టు చాలా బాగుంటుందని సార్ ఎప్పుడూ చెప్తుంటారండీ అన్నారు. ఆవిడకి కొలతలు తీశాను. జాకెట్టు కూడా నా చేతిలో ఎప్పుడూ రానంత బాగా వచ్చింది. పాడుచెయ్యాలనుకుంటే చేతులు వినలేదు.

అసలు దెబ్బ ఆ తర్వాత తగిలింది. ఒక సాయంత్రం ఆయన స్నానానికి వెళ్ళారు, ఫోను మోగింది. వాళ్ళ ఆఫీసు ప్యూను. సార్ స్నానం చేస్తున్నారని చెప్పి పెట్టేశాను. పెట్టేసరికి వెనకాల తెరిచి ఉన్న మెసేజీలు బయటపడ్డాయి. వెతకలేదు, ఒట్టు. కానీ కనిపించాక చూడకుండా ఉండే ఓర్పు నాకు లేదు. పైకి జరుపుకుంటూ పోయి మొట్టమొదటి దాకా చదివాను. అక్కడ ఆయన రాశారు, నాకు ఎరుపుకీ ఆకుపచ్చకీ తేడా తెలియదండీ, ఆఫీసులో ఎవరికీ చెప్పకండి అని. ఆవిడ జవాబు, అయ్యో దానికేముంది సార్, మా తమ్ముడికీ అంతేనండీ అని.

ఇంకేదైనా రాసి ఉన్నా అంత బాధ ఉండేది కాదు. పెళ్ళయిన ఏడాది తలుపు దగ్గరగా వేసొచ్చి నాకొక్కదానికే చెప్పిన మాట అది. ఇరవై రెండేళ్ళు మా చెల్లెలికి కూడా చెప్పకుండా దాచాను. దాన్ని తీసుకెళ్ళి, నిన్నగాక మొన్న వచ్చినావిడకి ఫోనులో చెప్పేశారు. ఆవిడేమో అదేదో జలుబన్నట్టు, మా తమ్ముడికీ అంతే అంది. నాకు లోకంలో ఒక్కటే అనుకున్నది కలిదిండిలో కూడా ఉందన్నమాట. ఆయన స్నానం చేసి వచ్చేసరికి ఫోను దాని చోట పెట్టేసి వంకాయలు తరుగుతున్నాను. అడిగి కడిగెయ్యాల్సింది. నోరున్నదాన్నే, ఆ రోజు మాత్రం ముక్కలు ఇంకా సన్నగా తరిగాను.

రెండు వారాలు పోయాక ఒక ఆదివారం సాయంత్రం ఆయన నన్ను పిలిచారు. ఎన్నాళ్ళకో. లైను పూర్తయింది, ఏలూరు నుంచి నడుపుతాను, కూర్చుని చూడు అన్నారు. కూర్చున్నాను. కూత వేసుకుంటూ చిన్న ఇంజను బయల్దేరింది. ఊరు దాటింది, చేలు వచ్చాయి. అవి నేను చెప్పిన రంగులే, బాగున్నాయి. గుడివాకలంక రేగు చెట్టు దాటింది. కొల్లేట్లోకి దిగాం.

కొల్లేరంతా ఎర్రగా ఉంది. గుర్రపుడెక్క అంతా, ఆకూ కాడా, మిరపకాయలు ఆరబోసిన కళ్ళంలా ఉంది. నీళ్ళ మీద ఎక్కడ చూసినా అదే. మా లంక వచ్చింది, ఇళ్ళ పెంకులు చిలకపచ్చగా ఉన్నాయి. ఆయనకి రెండూ ఒకటే కదా, తారుమారు చేసుకున్నారు. నాకు నవ్వు రాబోయింది, ఆపుకున్నాను. ఇదంతా కలిదిండావిడ చూసే ఉంటుంది కదా, ఆవిడ ఘనకార్యమే ఇది, అనుకున్నాను. రేపు ఆఫీసులో ఇద్దరూ చూసుకుని నాలిక కరుచుకోనీ అనుకున్నాను.

“మీ కొల్లేరులాగే ఉందా? రంగులన్నీ సరిగ్గా ఉన్నాయా?” అని అడిగారు, నా మొహంలోకి చూస్తూ.

“అచ్చం మా కొల్లేరేనండీ” అన్నాను.

ఆయన సరే అని, మొహం వెలిగిపోతూ, అక్కడికక్కడే ఏవో మీటలు నొక్కారు. రైలు పిచ్చివాళ్ళ గ్రూపు ఒకటుంది ఇంటర్నెట్లో, దేశం నలుమూలల నుంచీ ఉంటారు, అందులో పెట్టేశారు. అంత వెంటనే పెడతారని నేననుకోలేదు. అనుకుని ఉంటే చెప్పేదాన్నా? ఏమో. ఆగండి అనడానికి నాకు వ్యవధి ఉంది. వంటింట్లోకి వెళ్ళి పప్పు తిరగమోత పెట్టుకున్నాను.

మర్నాడు కాఫీ తాగుతూ ఆయన ఫోను తెరిచారు. గ్రూపులో వచ్చిన జవాబుల్లో మొదటి రెండు మూడు పైకే చదివారు. వంపులు అద్భుతం అని ఎవరో రాశారు, కైకలూరు ప్లాట్‌ఫారం గురించి ఎవరో మెచ్చుకున్నారు. తర్వాతది, కొల్లేరంతా చేపల పులుసు పోశారేంటండీ అని. ఇదేమిటే ఇలా రాశాడు అన్నారు నాతో. ఆ తర్వాతవి పైకి చదవలేదు. ఆయన భుజం మీద నుంచి నేను చదివాను. నవ్వే బొమ్మలు వరసగా ఉన్నాయి. వాటి కింద ఒకాయన రాశాడు, లైను వేసినాయనకి రంగులు కనపడవేమో, ఎవరైనా డాక్టరుకి చూపించండి, ఇలాంటివాళ్ళకి సిగ్నళ్ళు అప్పగిస్తే మనం గోవిందా అని.

ఫోను బల్ల మీద బోర్లా పెట్టారు. చుక్కల పుస్తకం ముందు కూర్చున్న రోజు ఆయన మొహం ఎలా ఉండి ఉంటుందో నేను ఎప్పుడూ చూడలేదు. ఇప్పుడు చూశాను.

“గుర్రపుడెక్క ఏ రంగులో ఉంది?” అన్నారు.

“ఎరుపు.”

“నిన్న నీకు కనిపించిందా?”

లేదని చెప్పొచ్చు, సరిగ్గా చూళ్ళేదని చెప్పొచ్చు. “కనిపించింది” అన్నాను. ఆ ఊపులోనే, ఆవిడకెందుకు చెప్పారు మరి, నాకు చెప్పినట్టే ఎవరికీ చెప్పకండి అని కూడా ఎందుకు రాశారు అని, ఏడుపూ అరుపూ కలిపి మొత్తం కక్కేశాను. ఫోను చదివినట్టు కూడా ఒప్పుకున్నాను. ఆయన నేను ఆపేవరకూ ఆగారు.

“శ్రావణంలో నువ్వే అన్నావు కదా, ఇక నన్ను రంగులడక్కండి, ఊళ్ళో ఎవరినైనా అడుక్కోండి అని. అడగాలంటే ఎందుకు అడుగుతున్నానో చెప్పాలి. చెప్పడానికి నాకు వారం పట్టింది” అన్నారు. తర్వాత లేచి నిలబడి, “చెరువులు ఆవిణ్ణి అడిగాను. కొల్లేరు ఆవిడకి చూపించలేదు. అది మీ ఊరు కదా, నువ్వు చూస్తావని ఉంచాను” అన్నారు.

అప్పుడు గుర్తొచ్చింది. అద్దకం జాకెట్టు, ఊడని కుట్టు, నాలుగో పిలుపు, నా నోరు. అవే మాటలు, అదే వరస.

ఆయన లైను గ్రూపులోంచి తీసేశారు. స్నానం చేశారు. హ్యాంగరు మీది చొక్కా తీసి కాలరు లోపల వేలు పెట్టి తడిమారు. రోజూ అయితే అక్కడితో వేసేసుకుంటారు. ఆ రోజు ఆ చొక్కా పట్టుకుని మిషను దగ్గరికి వచ్చారు, కోపంగా కాదు, మామూలుగానే.

“రెండు ముళ్ళున్నాయి. ఇది ఆకుపచ్చేనా?” అన్నారు.

ఇరవై రెండేళ్ళలో ఆ ప్రశ్న ఎప్పుడూ అడగలేదు. తిట్టినా బాగుండేది. ఆకుపచ్చేనండీ అన్నాను, నా గొంతు నాకే అబద్ధంలా వినిపించింది.

నెల రోజులు కంప్యూటరు మీద గుడ్డ కప్పి ఉంది. చివరికి నేనే ఒక ఆదివారం పొద్దున్న బస్సూ పడవా ఎక్కి మా లంక వెళ్ళాను. రేవు దగ్గర గుర్రపుడెక్క వేళ్ళతో సహా పీకి, బకెట్లో నీళ్ళు పోసి పెట్టుకుని ఏలూరు బస్సెక్కాను. ఊళ్ళ నుంచి దాన్ని వదిలించుకోలేక చస్తుంటే నువ్వు మోసుకెళ్తున్నావేంటమ్మా అని కండక్టరు నవ్వాడు. ఇంటికొచ్చి బకెట్టు కంప్యూటరు పక్కన పెట్టి, రీళ్ళ డబ్బా తెచ్చుకుని, కూర్చోండి అన్నాను. ఆయన ఆకుని వేళ్ళతో కాసేపు తడిమి చూశారు. తర్వాత గుడ్డ తీశారు.

రంగులు మళ్ళీ మొదటి నుంచి చెప్పాను. ఆకు పైన ఒక నంబరు, కాడ దగ్గర ఇంకో నంబరు, పువ్వుకి లేత ఊదా. ఆయన బుద్ధిగా రాసుకున్నారు. రాసుకున్న ప్రతిదానికీ తెర ఫొటో కొట్టి కలిదిండావిడకి పంపారు. నా ఎదురుగానే, దాచకుండా. నేను చేతులు ఒళ్ళో పెట్టుకుని ఆ టింగు కోసం కూర్చునేదాన్ని. మేడం గారు సరిగ్గా చెప్పారు సార్ అని వచ్చేది. మేడం గారంటే నేను. చెరువుల ఊరి మనిషి, నేను పుట్టిన కొల్లేటికి, నా కళ్ళ ముందు, నాకు సర్టిఫికెట్ ఇస్తోంది. ఒళ్ళంతా కారం రాసినట్టుండేది. అయినా ఆవిడ ఒప్పుకుంటే ఊపిరి పీల్చుకునేదాన్ని, అదొక సిగ్గు. ఒక్కచోట మాత్రం ఊదా ఇంకొంచెం ముదురుండాలేమో సార్ అని రాసింది. ఆయన నా వైపు చూశారు. బకెట్లో పువ్వు తీసి తెరకి ఆనించాను. ఆవిడ చెప్పిందే నిజం. అదీ నా నోటితోనే చెప్పాను.

లైను మళ్ళీ గ్రూపులో పెట్టారు. ఈసారి ఎవరూ నవ్వలేదు. పరిచయం రాసిన చోట, రంగులు అని పెట్టి రెండు పేర్లు రాశారు, ముందు ఆవిడ పేరు, తర్వాత నాది. ఆవిడ పేరు ముందెందుకుందని అడిగాను, అడక్కుండా ఎలా ఉంటాను? అక్షరక్రమం అన్నారు. వేళ్ళ మీద లెక్కపెట్టి చూశాను, అక్షరక్రమమే.

కలిదిండావిడ ఇప్పటికీ జాకెట్లు నా దగ్గరే కుట్టించుకుంటుంది. మంచి మనిషి. మంచి మనిషి అని నాకు తెలిసినంత మాత్రాన నాకు మండడం ఆగలేదు, కాస్త నెమ్మదిగా మండుతోంది, అంతే.

మొన్న ఆయనకి కొత్త చొక్కా కుట్టాను. వేపాకు రంగు గుడ్డ. కాలరు లోపల రెండు ముళ్ళు వేశాను, ఊడకుండా రెండేసిసార్లు దారం తిప్పి. పొద్దున్న ఆయన అది తీసుకుని కిటికీ దగ్గర నిలబడి వేలు పెట్టి తడిమారు. ఒకటి, రెండు. వేలు అక్కడే ఆగింది. తల నా వైపు తిరుగుతున్నట్టనిపించింది.

“ఆకుపచ్చండీ. నిజంగా ఆకుపచ్చే. కావాలంటే ఆవిణ్ణి అడగండి” అన్నాను గబగబా.

“నేనేమీ అడగలేదు కదే” అన్నారు ఆయన, చొక్కా తొడుక్కుంటూ.